తుట్టె లేనప్పుడు తేనెచెట్టును గుర్తుపట్టడం ఎలా?

తేనెటీగ అనగానే మన తరగతిలో ఎవరికైనా ముందు గుర్తొచ్చేది టుగాగమ సంధి. తేనె, ఈగ, మధ్యలో వచ్చి వాలిన టకారం. పల్లెటూరు, చిగురుటాకు పక్కన పెట్టి ఈ మాటను పరీక్షల్లో ఎన్నిసార్లు విడదీశామో లెక్కే లేదు. అయితే ఆ ఈగ ఏ చెట్టు మీద కాపురం పెడుతుందో, ఎందుకు ఆ చెట్టునే ఎంచుకుంటుందో వ్యాకరణం చెప్పదు. ఆ సంగతి చెప్పడానికే ఈ వ్యాసం.

చెట్టుకు తుట్టె వేలాడుతుంటే అది తేనెచెట్టని చిన్నపిల్లలు కూడా చెప్తారు. తుట్టె లేని నెలల్లో చెప్పడమే కష్టం. మనకు అవసరం పడేది కూడా అప్పుడే. హోసూరు నుంచి మా ఊరికి వచ్చే రోడ్డును వెడల్పు చేస్తారంట. పోయిన వానకాలంలో మనుషులు వచ్చి రోడ్డు పక్క చింతచెట్లకు తెల్లరంగు పూసి, అంకెలు రాసిపోయారు. వాళ్ల కాగితంలో చెట్టు జాతికి ఒక గడి, చుట్టుకొలతకు ఒక గడి, ఎత్తుకు ఒక గడి ఉన్నాయి. ఈగలకు గడి లేదు. వాళ్లు వచ్చిన నెలలో కొమ్మల మీద ఒక్క ఈగ కూడా లేదు కాబట్టి ఎవరికీ ఆ అనుమానమే రాలేదు. ఆ అంకెలు పడ్డ చెట్లలో మూడు, ఏటేటా పెద్ద ఈగలు వచ్చి దిగే చెట్లు. మా అవ్వకు తెలుసు, పశువులు కాసేవాళ్లకు తెలుసు. కాగితానికి తెలియదు. ఖాళీగా ఉన్న చెట్టును చూసి "ఇది తేనెచెట్టు" అని ఆధారాలతో చెప్పగలిగితే, కనీసం మాట్లాడటానికి మనకొక నోరుంటుంది.

పూలిచ్చే చెట్టు వేరు, ఇల్లిచ్చే చెట్టు వేరు

మొదట ఒక తేడా తెలుసుకోవాలి. ఈగలు మూగే ప్రతి చెట్టూ తేనెచెట్టు కాదు. కానుగ పూసినప్పుడు, నేరేడు పూసినప్పుడు, వేప పూసినప్పుడు చెట్టంతా జుమ్మని మోగుతుంది. అది ఈగలకు భోజనశాల. కడుపు నిండగానే అవి వెళ్లిపోతాయి. అవి వెళ్లే చోటు ఇంకో చెట్టు. ఇల్లిచ్చే ఆ చెట్టు పూలు పూయకపోయినా ఫరవాలేదు, కొమ్మ గట్టిగా ఉంటే చాలు, లేదా లోపల తొర్ర ఉంటే చాలు. బూరుగు లాంటి కొన్ని చెట్లు రెండు పనులూ చేస్తాయి. ఆకు రాల్చేసి ఎర్రటి పూలతో అన్నం పెడతాయి, ఎత్తైన కొమ్మలతో ఇల్లూ ఇస్తాయి.

పూలిచ్చే చెట్టు పోతే ఈగలు ఇంకో పూతను వెతుక్కుంటాయి. ఇల్లిచ్చే చెట్టు పోతే అంత సులువుగా ఇంకొకటి దొరకదు. ఆ తరహా కొమ్మ, ఆ తరహా తొర్ర తయారు కావడానికి చెట్టుకు మనుషుల రెండు మూడు తరాల వయసు కావాలి. కొట్టేసిన చెట్టుకు బదులు పది మొక్కలు నాటుతాం అంటే పూల లెక్క ఎప్పటికో సరిపోవచ్చు. ఇళ్ల లెక్క మన కాలంలో సరిపోదు.

నాలుగు రకాల ఈగలు, నాలుగు రకాల ఇళ్లు

తేనెచెట్టును గుర్తుపట్టాలంటే ఎవరి ఇంటిని వెతుకుతున్నామో ముందు తెలియాలి. మన వైపు సహజంగా ఉండే తేనె ఈగలు ముఖ్యంగా నాలుగు రకాలు. పెట్టెల్లో పెంచే ఇటలీ ఈగ బయటి నుంచి తెచ్చుకున్నది, దాన్ని ఇక్కడ లెక్కలోకి తీసుకోవడం లేదు.

మొదటిది కొండ తేనెటీగ. శాస్త్రంలో దీని పేరు ఏపిస్ డార్సేటా. కన్నడంవాళ్లు హెజ్జేను అంటారు, తమిళంవాళ్లు మలైత్తేనీ అంటారు. మా ఇంట్లో పెద్దీగ అంటాం. ఇది తొర్రలోకి పోదు. ఎత్తైన కొమ్మ కిందో, కొండ చరియ కిందో, నీళ్ల ట్యాంకు కిందో ఒకే ఒక పెద్ద పెరను బయలుగా వేలాడదీస్తుంది. అర్ధచంద్రాకారంలో ఉండే ఆ పెర మీటరు వెడల్పు దాకా, ఒక్కోసారి అంతకు మించి కూడా పెరుగుతుంది.

రెండోది పుట్ట తేనెటీగ, ఏపిస్ సెరానా. కన్నడంలో తుడువె, తమిళంలో అడుక్కుత్తేనీ. అడుక్కు అంటే దొంతర. పేరులోనే లక్షణం ఉంది చూడండి. ఒక పెర కాదు, పలకలు నిలబెట్టినట్టు పక్కపక్కనే చాలా పెరలు కడుతుంది. దానికి చీకటి కావాలి. చెట్టు తొర్ర, పాడుబడ్డ పుట్ట, రాతి సందు, పాతగోడ సందు, ఇవే దాని ఇళ్లు.

మూడోది చిన్న తేనెటీగ, ఏపిస్ ఫ్లోరియా. కన్నడంలో కోలుజేను, అంటే పుల్లతేనె. మా అవ్వ కూడా పుల్లతేనె అనే అంటుంది. అరచేయంత పెరను ఒక సన్నటి పుల్ల చుట్టూ కడుతుంది. కంచెల్లో, పొదల్లో, నిమ్మచెట్టు నడుమ కనబడుతుంది.

నాలుగోది కుట్టని ఈగ. దోమంత ఉంటుంది కాబట్టి తమిళంలో కొసుత్తేనీ అంటారు. కొసు అంటే దోమ. దీనికి కుట్టే ముల్లు పనిచేయదు. తొర్రల్లో, గోడ కన్నాల్లో మైనమూ బంకా కలిపి చిన్న కుండల్లాంటి అరలు కట్టి తేనె దాస్తుంది.

తేనె, తేన్, జేను. మూడు భాషల్లో మాట ఒకే తల్లి బిడ్డలా ఉంది. మన తెలుగులో తేనెకే కాదు, దాని ఇంటికీ చాలా మాటలున్నాయి. పెర, పట్టు, తుట్టె అని ఇంటికి. జుంటి, జుంటీగ అని ఈగకు. సంస్కృతంలో సుశ్రుత సంహిత తేనెను ఎనిమిది రకాలుగా విడదీసి పౌత్తికం, భ్రామరం, క్షౌద్రం, మాక్షికం అంటూ పేర్లు పెట్టింది. ఆ విభజన చాలావరకు ఏ ఈగ కూడబెట్టింది అన్నదాన్ని బట్టి చేసిందే. ఏ ఈగో చూడకుండా తేనె గురించి మాట్లాడకూడదని పాతవాళ్లకు తెలుసు.

పెద్దీగ చెట్టు: కొమ్మ కింద చూడండి

పెద్దీగ ఎంచుకునే చెట్టుకు కొన్ని లక్షణాలుంటాయి. చుట్టుపక్కల చెట్ల కంటే ఎత్తు. లావైన కొమ్మలు, నేలకు సమాంతరంగానో కొంచెం ఏటవాలుగానో సాగినవి. పెరకు చాలా బరువుంటుంది, అది గాలికి ఊగితే తెగి పడుతుంది, అందుకని ఊగని కొమ్మ కావాలి. కొమ్మ కింద ఖాళీ జాగా ఉండాలి, ఈగల రాకపోకలకు అడ్డం ఉండకూడదు. మర్రి, రావి, బూరుగు, మద్ది, పాత మామిడి, పాత చింత మన వైపు ఈ కొలతలకు సరిపోయే చెట్లు. ఒకే చెట్టుకు వంద దాటి తుట్టెలు వేలాడిన సందర్భాలు కూడా ఉన్నాయి. అవన్నీ ఒకే కుటుంబం కాదు, ఒక్కో పెరకు ఒక్కో రాణి. మా అవ్వ మాటల్లో చెప్పాలంటే, "అది చెట్టు కాదమ్మే, ఈగల ఊరు."

ఈ ఊరివాళ్లు ఏడాదంతా ఉండరు. మా వైపు దీపావళి దాటాక ఒక్కొక్క గుంపే వచ్చి దిగుతాయి. సంక్రాంతికి, ఉగాదికి కొమ్మలు నిండుగా ఉంటాయి. వానలు మొదలయ్యేసరికి పెరలు వదిలేసి లేచిపోతాయి. ఏడాదికేడాది కొంచెం అటూ ఇటూ అవుతుంది గానీ వరస ఇదే. పూత ఎక్కడ ఉంటే అక్కడికి వలసపోతాయి. మళ్లీ తిరిగి వచ్చేటప్పుడు ఊళ్లో అన్ని చెట్లుండగా పోయినేడు ఉన్న ఆ చెట్టుకే వస్తాయి. ఇది పల్లెల్లో చెప్పుకునే మాటగా మిగిలిపోలేదు. అస్సాంలో చేసిన పరిశోధన ఒకటి 2000లో నేచర్ పత్రికలో వచ్చింది. ఈగల జన్యువులను పోల్చి చూసి, వలస వెళ్లిన రాణులు కొన్ని తిరిగి తమ పాత చోటికే వచ్చాయని అందులో తేల్చారు. కూలి ఈగల ఆయుష్షు కొన్ని వారాలు, మహా అయితే కొన్ని నెలలు. వెళ్లిన కూలి ఈగల్లో తిరిగొచ్చేవి ఉండవనే చెప్పాలి. రాణి మాత్రం బతికి ఉంటుంది, కానీ దారి చూపించేది రాణి కాదు. మరి ఆ చెట్టు గుర్తు ఎలా నిలుస్తుందన్నది శాస్త్రవేత్తలను ఇప్పటికీ ఆలోచింపజేస్తున్న ప్రశ్న.

అందుకే ఖాళీగా ఉన్న తేనెచెట్టు ఖాళీ చెట్టు కాదు. తాళం వేసి ఊరెళ్లినవాళ్ల ఇల్లు. ఆ ఇంటి గుర్తులు ఇవి.

ఒకటి, మైనపు మచ్చ. ఈగలు వెళ్లాక పెరను మైనం పురుగు తినేస్తుంది, మిగిలింది ముక్కలై రాలుతుంది. కానీ పెర అంటుకున్న చోట, కొమ్మ అడుగు భాగాన, ఒక పొడుగాటి గీత లాంటి మచ్చ మిగులుతుంది. బెరడు రంగు కంటే వేరుగా, కొంచెం నున్నగా కనబడుతుంది. చెట్టు కింద నిలబడి పైకి చూస్తూ ఒక్కొక్క పెద్ద కొమ్మ అడుగును వెంట చూసుకుంటూ పోవాలి. పొద్దున గానీ సాయంత్రం గానీ ఎండ పక్క నుంచి పడేటప్పుడు బాగా తెలుస్తుంది. ఫోను కెమెరాలో దగ్గరికి లాగి చూసినా చాలు. ఒకే కొమ్మకు వరసగా నాలుగైదు మచ్చలుంటే అనుమానమే అక్కర్లేదు.

రెండు, చెట్టు కింద రాలిన పెర ముక్కలు. కొత్తవి పసుపుగా, పాతవి ముదురు గోధుమ రంగులో, చేత్తో నలిపితే పొడిపొడిగా ఉంటాయి. ఆరుమూలల గదులు కనిపిస్తే ఇంకేం కావాలి. వానలకు ఇవి త్వరగా పోతాయి కాబట్టి ఈగలు లేచిపోయిన కొత్తలోనే చూడాలి.

మూడు, పసుపు చుక్కలు. ఇది ఈగలు ఉన్న రోజుల గుర్తు. చెట్టు చుట్టుపక్కల ఆకుల మీద, బండరాళ్ల మీద, ఆరేసిన బట్టల మీద పసుపు రంగు చుక్కలు కనబడతాయి. పుప్పొడి తిన్న ఈగలు గుంపుగా లేచి గాల్లో విసర్జిస్తాయి, అవే ఆ చుక్కలు. వీటి వెనక పెద్ద కథే ఉంది. 1981లో అమెరికా ప్రభుత్వం, లావోస్, కంబోడియా అడవుల మీద విషం చల్లుతున్నారని, దానికి సోవియట్ రష్యా సాయం ఉందని ఆరోపించింది. "పసుపు వాన" అని దానికి పేరు. హార్వర్డ్‌కు చెందిన మాథ్యూ మెసెల్సన్, తేనెటీగల శాస్త్రవేత్త థామస్ సీలీ, ఇంకొందరు ఆ మచ్చలను పరీక్షించి, నిండా పుప్పొడే ఉందని చూపించారు. 1984లో వాళ్లు థాయిలాండ్ వెళ్లినప్పుడు ఆ వాన వాళ్ల మీదే పడింది. పైన పెద్దీగల గుంపు. రెండు మహారాజ్యాల మధ్య తగాదా అయిన మచ్చలు మన ఇంట్లో అయితే ఉతికిన చీర మీద పడి అమ్మతో తిట్లు తింటాయి.

తొర్ర ఈగ చెట్టు: కన్నం దగ్గర చూడండి

పుట్ట తేనెటీగ ఇంటిని వెతకడం ఇంకో రకం పని. ఇక్కడ కొమ్మ కాదు, కాండం చూడాలి. కొమ్మ విరిగిన చోట, గొడ్డలి దెబ్బ తగిలి మాననిచోట, వడ్రంగిపిట్ట తొలిచిన చోట కన్నాలు ఏర్పడతాయి. లోపల గుల్ల అయ్యాక అది ఈగలకు మేడ. విచారం ఏంటంటే, గుల్లబడ్డ చెట్టు అనగానే మనుషులు "ఇది పనికిరాదు, కొట్టేయొచ్చు" అనే జాబితాలో మొదట రాస్తారు. కలప లెక్కలో పనికిరానిదే ఈగల లెక్కలో అన్నిటికంటే విలువైనది.

ఈగలున్న కన్నమైతే పొద్దున ఎండ పడగానే రాకపోకలు కనిపిస్తాయి. వచ్చే ఈగల వెనక కాళ్లకు పుప్పొడి ముద్దలు ఉంటే లోపల పిల్లలు పెరుగుతున్నాయని అర్థం. వేడి రోజుల్లో కొన్ని ఈగలు గుమ్మం దగ్గర నిలబడి రెక్కలతో విసురుతుంటాయి. మన పుట్ట తేనెటీగ విసిరేటప్పుడు తల బయటికి పెట్టుకుంటుంది. పెట్టెల్లో పెంచే ఇటలీ ఈగ తల లోపలికి పెట్టుకుంటుంది. దూరం నుంచి రెండిటికీ తేడా చెప్పడానికి ఇది మంచి గుర్తు.

కన్నం అంచు చూడండి. వేల కాళ్లు రోజూ నడిచిన గడప కాబట్టి ఈగలు వెళ్లిపోయాక కూడా నున్నగా, కొంచెం నల్లగా ఉంటుంది. పుట్ట తేనెటీగ చెట్ల బంకను వాడదు. అందుకని అంచులో బంక పూత ఉండదు. కన్నం నుంచి బంకతో కట్టిన సన్నటి గొట్టం బయటికి పొడుచుకొచ్చి ఉంటే అది కుట్టని ఈగ ఇల్లు. ఆ గొట్టాన్ని చాలామంది ఏదో పురుగు గూడు అని గోకేస్తుంటారు. గోకకండి, అది వాళ్ల వీధి తలుపు.

పుట్ట తేనెటీగను వెతకడానికి ఇంకో కారణం కూడా ఉంది. 1990ల మొదట్లో దక్షిణ భారతంలో ఒక వైరస్ జబ్బు వచ్చి ఈ ఈగ పిల్లలను తుడిచిపెట్టింది. పెట్టెల్లో పెంచే రైతులు చాలామంది ఖాళీ పెట్టెలతో మిగిలారు. తర్వాత ఇటలీ ఈగ వ్యాపించడానికి అదొక కారణం. పెంచిన ఈగలు జబ్బుపడితే, మళ్లీ తెచ్చుకోవడానికి అడవి తొర్రల్లో బతికిన ఈగలే దిక్కు. పాత తొర్రచెట్టు ఒక విత్తనాల గాదె లాంటిది.

పుల్లతేనె ఈగకు పెద్ద చెట్టుతో పని లేదు. కానీ దానికీ గుర్తుంది. చీమలు పెర దగ్గరికి రాకుండా పుల్లకు రెండు పక్కలా జిగురు పట్టీ పూసుకుంటుంది. పెర పోయాక కూడా ఆ జిగురు మచ్చలు కొన్నాళ్లు నిలుస్తాయి. కంచె కొట్టేముందు ఒక్కసారి చూస్తే చాలు.

ఈగ దారి పట్టుకుని చెట్టును చేరడం

ఈగలు కనిపిస్తున్నాయి, ఇల్లు మాత్రం కనబడటం లేదు అనుకుందాం. అప్పుడు నీళ్ల దగ్గరికి పోవాలి. వేసవిలో ఇల్లు చల్లబరచడానికి ఈగలకు నీళ్లు కావాలి. చెరువు అంచు బురద, బోరు దగ్గర తడి, పశువుల తొట్టి, ఇవి మంచి చోట్లు. నీళ్లు తాగిన ఈగ లేచి ఒకటి రెండు చుట్లు తిరిగి, నేరుగా ఇంటి వైపు గీత గీసినట్టు పోతుంది. ఆ దిక్కుకు ఎదురుగా కనబడే ఒక గుర్తు, గుడి గోపురమో, కరెంటు స్తంభమో, రాసుకోండి. ఒక్క ఈగను కాదు, పది ఈగలను చూడండి. పదిట్లో ఏడెనిమిది ఒకే వైపు పోతే ఆ గీతను నమ్మొచ్చు.

తర్వాత పక్కకు రెండు వందల అడుగులు నడిచి, అక్కడ ఇంకో తడి చోట ఇదే పని చేయండి. రెండు గీతలు కలిసే చోట ఇల్లుంటుంది. దూరం తెలియాలంటే ఒక ఈగ మీద చిటికెడు ముగ్గుపిండి పడేలా చల్లి, అది వెళ్లి తిరిగొచ్చేదాకా గడియారం చూడాలి. త్వరగా వస్తే ఇల్లు దగ్గర, ఆలస్యమైతే దూరం. ఇదేదో కొత్త విద్య కాదు. అడవిలో తేనె తీసేవాళ్లు తరతరాలుగా చేసే పనే. పసుపు వాన కథలో చెప్పిన థామస్ సీలీ 2016లో ఈ పద్ధతి మీద ఒక పుస్తకమే రాశారు.

దగ్గరికి వెళ్లేటప్పుడు

ఈ వ్యాసం చదివి ఎవరూ తుట్టె కిందికి పరిగెత్తకూడదు. పెద్దీగ తన ఇంటిని గట్టిగా కాపాడుకుంటుంది. కందిరీగ దగ్గరికి వస్తే తుట్టె మీద ఈగలన్నీ వరసగా ఒళ్లు విదిలించి అల పోయినట్టు చేస్తాయి. చూడటానికి అందంగా ఉంటుంది, కానీ అది హెచ్చరిక. ఈగలున్న చెట్టును దూరం నుంచే చూడండి. సెంటు, మల్లెపూలు వద్దు. రాయి వేయడం, పొగ పెట్టడం, టపాకాయ పేల్చడం అసలే వద్దు. ఒక ఈగ కుడితే ముల్లు చర్మంలోనే ఉండిపోయి, పండిన అరటిపండు లాంటి వాసన వస్తుంది. మిగతా ఈగలకు అది "ఇక్కడే కుట్టండి" అనే పిలుపు. అందుకని చేతులు ఆడించకుండా, కొంగుతో ముఖం కప్పుకుని, గబగబా గదిలోకో వాహనంలోకో వెళ్లిపోవాలి. ముల్లును గోటితో వెంటనే గీకి తీసేయాలి. ఎక్కువ ఈగలు కుట్టినా, ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకుండా ఆస్పత్రికి పోవాలి.

తేనె తీయడం తెలిసినవాళ్లు ఈగలను చంపరు. నల్లమల చెంచులు పెరలో తేనె ఉన్న భాగం కోసుకుని, పిల్లలున్న భాగం వదిలేస్తారని చెబుతారు. పెద్దీగ పెరలో తేనె పైన ఒక మూలన ఉంటుంది, పిల్లలు కింద ఉంటాయి కాబట్టి అది వీలవుతుంది. కొండచరియ మీద తాడు కట్టి దిగేటప్పుడు పైన తాడు పట్టుకునేది బావమరిది అనీ చెబుతారు. దాయాది చావు కోరతాడు, బావమరిది బతుకు కోరతాడన్న సామెతకు ఇంతకంటే మంచి వ్యాఖ్యానం నాకు దొరకలేదు. అక్కను విధవను చేసుకోడు కదా. రాత్రికి రాత్రి తుట్టెను కాల్చేసే కాంట్రాక్టు పద్ధతిలో ఈ లెక్కలేవీ లేవు.

ఈ ఈగలు లేకపోతే ఏం పోతుంది?

ఒక్క పంట చెబుతాను, అదీ మన జిల్లాదే. వెర్రినువ్వులు. కన్నడంలో హుచ్చెళ్లు, తమిళంలో పేయెళ్లు. మూడు భాషలవాళ్లూ కూడబలుక్కున్నట్టు దానికి పిచ్చిదనో దయ్యమనో పేరు పెట్టారు. వానలు తగ్గాక గట్టు చేలల్లో పచ్చటి పసుపు పూలతో నిండిపోతుంది. ఈ మొక్కకు తన పుప్పొడి తనకు పనికిరాదు. పక్క మొక్క నుంచి ఎవరైనా తెచ్చి ఇస్తేనే గింజ కడుతుంది. ఆ తెచ్చి ఇచ్చేవాళ్లలో ముఖ్యులు తేనెటీగలు. పెద్దీగలు వలస నుంచి తిరిగొచ్చి మన చింతచెట్ల మీద దిగే కాలమూ, ఈ పూత కాలమూ ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. ఆ ఏడు వాటికి దిగడానికి చెట్టు లేకపోతే, ఆ చేను ఎంత పూసినా గింజ తగ్గుతుంది. రైతు ఎరువు సరిపోలేదనుకుంటాడు. రోడ్డు మీద పోయిన చెట్టు గుర్తుకు రాదు.

గుర్తుపట్టాక ఏం చేయాలి?

రాయాలి. మనం తెలుగు శాఖ పిల్లలం, మన చేతిలో ఉన్న పనిముట్టు అదే. 2002 జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీకీ, పట్టణానికీ ఒక జీవవైవిధ్య కమిటీ ఉండాలి, ఆ ఊరి చెట్టూ చేమా పురుగూ పుట్రా రాసే ఒక రిజిస్టరు ఉండాలి. చెట్టు ఎక్కడుంది, ఏ జాతి, ఏ ఈగ, ఏ నెలలో వస్తుంది, ఏ నెలలో పోతుంది, ఎన్ని మైనపు మచ్చలున్నాయి, ఎన్నేళ్లుగా చూస్తున్నామని చెప్పే పెద్దవాళ్లు ఎవరు, ఇవన్నీ ఆ రిజిస్టరులో ఎక్కవలసినవే. అది ఎక్కితే రోడ్డు ఆగిపోతుందని నేను అనడం లేదు. రోడ్డు మాకూ కావాలి. బస్సు లేక కాలేజీకి ఆలస్యమయ్యేది మేమే. కానీ గీత ఐదడుగులు జరపడానికి వీలున్న చోట జరపమని అడగడానికి కాగితం కావాలి.

చింతచెట్ల కోసం కాగితం పనిచేసిన చోటు మనకు దగ్గరలోనే ఉంది. దేవనహళ్లి దగ్గర నల్లూరు చింతతోపును 2007లో జీవవైవిధ్య వారసత్వ స్థలంగా ప్రకటించారు. దేశంలో ఆ గుర్తింపు పొందిన మొదటి చోటు అదే. అడవి కాదు, పులుల్లేవు. ముసలి చింతచెట్లు. ముసలితనానికి కూడా విలువ కట్టొచ్చని అది నేర్పుతుంది.

మా ఊరి మూడు చెట్ల గురించి మా అవ్వ పేరు మీద తమిళంలో ఒక అర్జీ రాసి ఇచ్చాం. కొమ్మల మచ్చల ఫోటోలు, నెలల పట్టిక జతచేశాం. అర్జీ అందినట్టు ముద్ర వేసి ఇచ్చారు. జవాబు ఇంకా రాలేదు. చెట్లు ఇంకా నిలబడే ఉన్నాయి, తెల్ల అంకెలతో.

ఈ గోడపత్రిక కింద ఒక తెల్ల కాగితం అంటించాను. ఈ సెలవుల్లో మీ ఊరికి వెళ్లినప్పుడు మీ అవ్వనో తాతనో అడిగి ఒక్క చెట్టు చూసి రండి. ఊరు, చెట్టు, ఈగ, నెల. నాలుగు మాటలు రాస్తే చాలు. ఈగ పేరు మీ ఇంట్లో ఏమంటారో అదే రాయండి, పుస్తకంలో పేరు అక్కర్లేదు. అలా వచ్చిన పేర్లతో ఇంకో పట్టిక కూడా అవుతుంది, అది మన శాఖకు పనికొస్తుంది. దీపావళి లోపల కాగితం నిండితే, ఈగలు తిరిగొచ్చేసరికి వాటి చెట్లు ఎక్కడెక్కడ ఉన్నాయో మన దగ్గర రాసి ఉంటుంది.